మదనపల్లెలో ఒక తొట్టెడు సముద్రం

మా వదిన పోయిందన్న మాట నాకు పుంగనూరు బస్టాండులో తెలిసింది. మదనపల్లె నుంచి వచ్చిన బస్సు కండక్టరు ఒకప్పుడు కాలేజీలో ఆమె దగ్గర జువాలజీ చదువుకున్నవాడు. నన్ను చూసి టికెట్ల సంచి సర్దుకుంటూ ఆగిపోయాడు. "మేడం పోయిందంట కదక్కా, తెల్లారుజామున. నీకు చెప్పలేదా ఎవురూ?" అన్నాడు. నాకెవరు చెబుతారు? ఆ ఇంట్లో చెప్పడానికి ఉన్న మనిషి ఆమె ఒక్కతే. ఆ బస్సు మదనపల్లెకు తిరిగి పోయేదే, ఎక్కి కూర్చున్నాను.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. నేనా సామెతకు ఏ లోటూ రానివ్వలేదు. మదనపల్లె బడిలో పంతులమ్మగా చేరిన నాటి నుంచి పుంగనూరుకు బదిలీ అయ్యేదాకా అన్నా వదినల ఇంట్లోనే ఉన్నాను. కూరలో ఉప్పు తక్కువైతే ఊరుకునే రకం కాదు నేను. ఆమె మాత్రం తక్కువ తిందా? "ఉప్పు కావాలంటే ఆ తొట్టిలో ఒక గరిటె ముంచుకోపో పాపా" అనేది. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

ఆ తొట్టి సంగతి మీకు చెప్పాలి. మా ఊళ్లో వాన నీళ్లకే దిక్కులేదు, సముద్రం మాట దేవుడెరుగు. అటువంటి చోట మా ఇంటి హాల్లో గాజు తొట్టెడు సముద్రపు నీళ్లు, అందులో పిడికిలంత రాయి. మద్రాసులో తనతో చదివిన స్నేహితురాలు ఇచ్చిందని వదిన తెచ్చుకుంది. "ఏందొదినా, ఈ రాయికింత మర్యాద?" అన్నాను మొదటిరోజు. "రాయి కాదు, పగడం. మెడలో ఏసుకునేది కాదు, బతికుండేది. సరింగా సూడు, ఒళ్లంతా నోళ్లే" అంది. వంగి చూస్తే నిజమే. ఆవగింజంత నోళ్లు, వాటి చుట్టూ వెంట్రుకల్లాంటి చేతులు, ఆడుతున్నాయి. చటుక్కున వెనక్కి జరిగాను.

నీళ్లు తెచ్చేది మా అన్న. ఆయన కుప్పం మీదుగా మద్రాసుకు పోయే రైళ్లలో గార్డు. మద్రాసులో మోకాళ్ల దాకా సముద్రంలోకి దిగి టిన్నులు నింపుకునేవాడు. కుప్పంలో దించి, అక్కడి నుంచి బస్సు టాపు మీద వేయించి, పుంగనూరు మీదుగా ఇంటికి చేర్చేవాడు. నీళ్లకు లగేజీ టికెట్టేందప్పా అని కండక్టర్లతో ప్రతిసారీ తగువే. ఇంటికొచ్చి టిన్ను మూత తీస్తే హాలంతా సముద్రం వాసన కొట్టేది. ఆయన చొక్కా కూడా అదే వాసన.

ఆ రాయికి వెలుతురే సగం తిండి అని వదిన చెప్పింది. దాని ఒంట్లో కంటికి కనబడని పాచి కాపురం ఉంటుందట. వెలుతురు తగిలితే ఆ పాచి వండుతుంది, రాయి తింటుంది. అందుకని అన్న తొట్టి మీద లైట్లు కట్టి మూడు స్విచ్చులు బిగించాడు. పొద్దున్నే ఒక ట్యూబులైటు. ఎండ ముదిరాక దానికి తోడు పెద్ద బల్బులు. మధ్యాహ్నం దాటాక మళ్లీ ట్యూబులైటు ఒక్కటే. సందెవేళ అదీ ఆర్పి చిన్న నీలం బల్బు. ఆపైన చీకటి. రాయి తెచ్చిన కొత్తలో లైట్లకు అడ్డంగా పలచటి పాత చీర మడతలు వేసి, కొన్నాళ్లకో మడత చొప్పున తీసింది. అంత నిదానమెందుకని అడిగితే, "కొత్త కోడలి నెత్తిన మొదటిరోజే ఇంటి చాకిరీ అంతా పెడతామా?" అంది. ఆ మాట నన్ను చూసే అంది.

"బండి లేటు కావచ్చు. దీనికి పొద్దు లేటు కాగూడదు" అనేవాడు అన్న. కరెంటు పోతే ఇద్దరూ కిటికీ తెరిచి, గోడ మీది అద్దం తీసి చేతుల్లో పట్టుకుని, ఎండను తొట్టి మీదికి తిప్పేవాళ్లు. పెళ్లయి ఏళ్లు గడిచిన మొగుడూ పెళ్లాం అద్దం పట్టుకుని గంటలు గంటలు నిలబడటం మీరెక్కడన్నా చూశారా? నేను చూశాను. ఎదురింట్లో బట్టలు కుట్టే భాయి మిషను ఆపి మరీ చూసేవాడు. "టీచరమ్మా, సందెకాడ మీ ఇంట్లోకి చందమామ దిగతాడే" అనేవాడు నాతో.

అన్న కుప్పంలో డ్యూటీ దిగి, గదిలో పడుకుని, మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. వ్యానులో ఇంటికి తెచ్చారు.

దహనం అయి వచ్చాక, శవాన్ని ఉంచిన చోట దీపం పెట్టారు. ఆ చోటు సరిగ్గా తొట్టి ముందరే. దినాలు అయ్యేదాకా ఆ దీపం కొండెక్కకూడదు, హాల్లో లైట్లు ఆర్పకూడదు అన్నాడు మా పెద్దనాయన. అప్పుడు వదిన లేచి, "దానికి రాత్రి కావాల మామా" అంది. ఎవరికీ అర్థం కాలేదు. తొట్టిని చూపించింది. "రేయింబగలు వెలుతురుంటే అది సచ్చిపోతాది."

"సావింట్లో సీకటి పెడతారంటమ్మా? మొగుడు పోయినాడు, నీకు రాయి మీద ధ్యాసా?" అన్నాడాయన.

వదిన లోపలికి పోయింది. అన్న డ్యూటీకి తీసుకుపోయే నల్ల కంబళి తెచ్చి తొట్టి మీద కప్పింది. పోయినవాడి పక్కబట్టలు ఇంట్లో ఉంచకూడదని ఆడవాళ్లంతా గోల పెట్టారు. ఒకామె లాగేయబోయింది. వదిన ఆమె చెయ్యి పట్టుకుని, "ముట్టొద్దు" అంది, అంతే. దీపం వెలుగుతూనే ఉంది, రాయికి రాత్రీ అయింది.

అప్పటి నుంచి ప్రతి రోజూ నీలం బల్బు ఆర్పాక ఆ కంబళి కప్పేది. నిజం చెబుతున్నాను, నాకు భయమేసేది. కంబళి కింద మా అన్న మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నట్టే ఉండేది. ఆమె తొట్టి మూత తీసినప్పుడల్లా ఆ వాసన వచ్చేది, నా తల వీధి తలుపు వైపు తిరిగేది. వదిన తల కూడా తిరగడం చూశాను. ఇద్దరం చూసుకునేవాళ్లం, ఎవరి పనిలోకి వాళ్లం వెళ్లిపోయేవాళ్లం. ఆ రోజుల్లో మేం పోట్లాడుకోలేదు కూడా. కూరలో ఉప్పు ఎట్లా ఉన్నా తినేసి లేచేదాన్ని.

కొన్ని నెలలకు రాయి రంగు తగ్గింది. నోళ్లు సగం మూసుకుపోయాయి. ఆవిరైనంత మేరకు బావి నీళ్లు కలుపుతూ నెట్టుకొచ్చింది గానీ, లోపల మురికి పేరుకుంది, సముద్రం తెచ్చే మనిషి లేడు. చివరికి అన్నతో పనిచేసిన గార్డొకాయన రెండు టిన్నులు తెచ్చి వసారాలో దించాడు. కాఫీ కూడా తాగకుండా కండ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

వదిన రబ్బరు గొట్టం తెచ్చింది.

"పాత నీళ్లు యాడ పోస్తావు?" అన్నాను.

"పెరట్లో."

నాకు ఒళ్లు మండింది. "అవి మా అన్న చేత్తో ముంచిన నీళ్లు వదినా! మళ్లీ వస్తాయా? రాయి పోతే పోనీ, నీళ్లు ఉండనీ!"

ఆమె గొట్టం సరిచేసుకుంటూనే అంది. "నీళ్లు మీయన్న కాదు పాపా. మీయన్న తెచ్చినాడు, అంతే. యాల తెచ్చినాడు? ఇది బతకాలనే కదా."

పెరటి గడపలో నిలబడ్డాను, పారబోస్తే చూద్దామని. రెండు బక్కెట్లు నిండాయి. ఒకదాన్ని బట్టలుతికే బండ దగ్గరికి మోసుకుపోయి, చాలాసేపు దానికేసి చూస్తూ నిలబడింది. తరువాత బండ మీద కూర్చుని, చీరతోనే, ఆ బక్కెట్టు ఎత్తి తల మీద కుమ్మరించుకుంది.

దగ్గుతూ, గుక్క తిప్పుకుంటూ, నావైపు చెయ్యి చాపింది. "రా" అంది.

వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను. రెండో బక్కెట్టు నా తల మీద నిదానంగా పోసింది, పసిబిడ్డకు పోసినట్టు. "కండ్లు మూసుకో, మండతాయి" అంది. నేను మూసుకోలేదు. దినాలన్నీ గడిచినా ఒకరి ముందు ఒకరం ఏడవని వాళ్లం, ఆ బండ మీద ఒకరినొకరం పట్టుకుని, వీధికంతా వినబడేట్టు ఏడ్చాం.

ముందు ఆమే తేరుకుంది. లోపలికి పోయి కొత్త నీళ్లు తొట్టిలోకి వంచింది. "పొద్దు వాలతాండాది. నీలం లైటెయ్యి పాపా" అంది.

"ఈ పూటకు ఉండనీలే వదినా."

"చేతులు తుడుసుకోని ఎయ్యి. దానికేం తెలుసు మన సంగతి?"

తుడుచుకుని వేశాను. ఆ రాయి ఆ తరువాత రెండు ఎండాకాలాలు బతికింది. ఆ సాయంత్రం మాత్రం చాలాసేపు కదల్లేదు. ఇద్దరం తడి బట్టలతో నిలబడి చూస్తూనే ఉన్నాం. మొదటి నోరు తెరుచుకునే వేళకు వదిన చేతులు ఆరిపోయాయి, వాటి మీద ఉప్పు తెల్లగా తేలుతోంది.