చెన్నబసప్ప చెమట

పొద్దున దుకాణం తెరిచేటప్పుడు చెన్నబసప్ప నుదుటి మీద మూడు విభూతి రేఖలు తెల్లగా, తీర్చినట్టు ఉంటాయి. వాళ్లది లింగాయతుల ఇల్లు. అవి పెట్టుకోనిదే ఆయన గడప దాటడు. ఈ ఎండాకాలం మాత్రం ఒక చొక్కా కుట్టడం పూర్తయ్యేలోపే అవి కరిగి కనుబొమల్లోకి కారిపోయేవి.

జహీరాబాద్‌లో మా వీధి చివరి రేకుల షెడ్డే ఆయన దుకాణం. బడులు తెరిచే ముందు యూనిఫాంల కోసం తల్లులమంతా అక్కడే చేరతాం. పిల్లల భుజాలు కొలుస్తుంటే ఆయన చెమట చుక్కలు వాళ్ల మీద పడేవి. తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కునేవాళ్లు. "జర ఆగమ్మా," అని ఆయన గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకునేవాడు.

పక్కనే చాయ్ బండి నడిపే చందర్‌కు ఇదొక వినోదం.

"ఏం అప్పా, బోణీ గాకముందే సీసా ఎత్తినవా? వాసన గూడ వస్తలేదు, ఏం మాల్ అది?"

"నీకు గూడ తెస్త తీయ్," అని నవ్వేవాడు చెన్నబసప్ప.

చుక్క ముట్టని మనిషి ఆ మాటను కాదనలేదు. నిజం చెబితే అంతకన్నా తలవంపు అనుకున్నాడు. చలికాలం నుంచి ఆయన మనసు బాగుండలేదు. నిద్ర లేదు, తిండి సయించదు, కత్తెర పట్టుకుని అలాగే కూర్చుండిపోయేవాడు. ఇక్కడి దవాఖానకు పోతే తెలిసినవాళ్లు చూస్తారని, గుండీలు కొనే వంకతో బస్సెక్కి బీదర్ పోయి డాక్టరుకు చూపించుకున్నాడు. దిగులు తగ్గడానికి రాసిచ్చిన గోలీలను ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మింగాడు. అవి పనిచేశాయి. కత్తెర మళ్లీ ఆడింది. కానీ ఎండలు ముదిరేసరికి ఈ చెమట పట్టుకుంది.

తాగిన నీళ్లే కదా చెమటయ్యేది అనుకుని, దుకాణం మూసేదాకా నీళ్లు ముట్టడం మానేశాడు. తడి కనిపించకుండా మందపాటి చొక్కా తొడిగాడు.

ఒక మధ్యాహ్నం మా పాప దీక్షితకు నడుము కొలత తీస్తూ అలాగే ముందుకు ఒరిగిపోయాడు. నేను పాపను పక్కకు లాగి కేక వేస్తే చందర్ పరుగెత్తుకొచ్చాడు. నీడకు జరిపి, చొక్కా విప్పి, ఒళ్లంతా తడిబట్టతో తుడిచి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. కబురందుకుని ఆయన భార్య బస్వమ్మ వచ్చింది.

సెలైన్ ఎక్కుతుండగా కళ్లు తెరిచాడు. "ఏమన్నా మందులు వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఏం లేవమ్మా."

"తాగుతడు మేడం," అన్నాడు చందర్. "పొద్దుగాల్నే మొదలువెడ్తడు."

బస్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు ఎరికే. బిడ్డ అత్తగారింట్ల తెలిస్తె ఎట్లని నోరు మూసుకున్న."

చందర్ అన్నప్పుడు నవ్వేసిన మాటే, భార్య నోట వచ్చేసరికి ఆయన తట్టుకోలేకపోయాడు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"తాగుతలేనే. గోలీలు మింగుతున్న. మనసు బాగలేక. బీదర్‌ల చూపించుకున్న."

"ఆ గోలీలతో కొందరికి చెమట ఎక్కువ పడుతుంది," అంది డాక్టరమ్మ. "వేడికి తట్టుకునే శక్తి కూడా తగ్గవచ్చు. నీళ్లు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అట్లని గోలీలు మీ అంతట మీరు ఆపొద్దు. రాసిచ్చిన డాక్టరుకు ఈ సంగతి చెప్పండి, మార్చాలో తగ్గించాలో ఆయన చూస్తాడు."

ఒంటి వేడిని అదుపులో పెట్టేది మెదడేనని నేను బీఎస్సీలో చదివాను. మనసుకు వేసుకునే గోలీ చెమటను కూడా కదిలిస్తుందని మాత్రం నాకు తట్టలేదు. చందర్ తల వంచుకుని బయటికి పోయాడు.

"గీ ముచ్చట నాతోటి అననీకి ఏమైంది?" అంది బస్వమ్మ.

"పిచ్చోడంటరని."

"తాగుబోతంటే మంచిగున్నదా?"

ఆయన చేతికున్న సెలైన్ పట్టీని సవరించుకున్నాడు.

"ఈసారి బీదర్‌కు నేను గూడ వస్త."

"బస్సుల ఎవరన్న అడిగితె?"

"దవాఖానకు పోతున్నమని చెప్త. అందుల ఏమున్నది?"

చెన్నబసప్ప దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. "జర మెల్లగ మాట్లాడు," అన్నాడు లోపలినుంచే. "పక్క మంచపోళ్లు వింటున్నరు."