ప్రసన్నకుమారి మోసిన ముగ్గురు

ఆత్మకూరు దాటి చేజర్ల దారిలో, చెరువును ఆనుకొని ఉన్న పల్లెలో ప్రసన్నకుమారి కాపురం. భర్త సురేశ్‌బాబు గుండ్రటి పుట్టిలో చెరువులోకి వెళ్లి చేపలు పట్టేవాడు, ఆమె గట్టు మీద వాటిని ఏరి అమ్మేది. పెళ్లైన చాన్నాళ్లకు, మందులు వాడాక, ఆమె నెల తప్పింది. అప్పటినుంచి పొద్దస్తమానం మంచులో నడుస్తున్నట్టే ఉండేది.

ఆత్మకూరులో స్కానింగు చేసినావిడ తెర ఇటు తిప్పింది. చీకటి నీళ్లలో మూడు మిణుగురులు, దేనికదే కొట్టుకుంటున్నాయి. ప్రసన్నకుమారి వాటినే చూస్తూ ఉండిపోయింది. ఆవిడ నెల్లూరు వెళ్లమని చెప్పింది కూడా సగమే వినబడింది.

నెల్లూరులో డాక్టరమ్మ భార్యాభర్తలనూ, అత్త రోశమ్మనూ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది.

"ముగ్గురికీ ఎవరి మాయ వాళ్లకే ఉంది, అది మంచిదే. కానీ ముగ్గురూ నెలలు నిండేదాకా ఆగరు. తక్కువ బరువుతో పుడతారు, ఊపిరి అందకపోవచ్చు. నీకు బీపీ రావచ్చు, కాన్పులో రక్తం ఎక్కువ పోవచ్చు. ఒకరిని ఇప్పుడే ఆపేసి ఇద్దరిని ఉంచే దారి కూడా ఉంది. అప్పుడు వాళ్లు ఇంకొన్నాళ్లు లోపల ఉంటారు. అయితే అందులో మొత్తం గర్భం పోయే భయం కొంత ఉంది. ఏది ఎంచుకున్నా తప్పు కాదమ్మా. ఆలోచించుకొని రండి."

తిరుగు బస్సులో సురేశ్‌బాబు కిటికీలోంచి బయటికే చూస్తూ, "నాకు ముందు నువ్వు కావాల. ఒకర్ని తీసేయమన్నా నేనేం అనుకోను" అన్నాడు.

రోశమ్మ కోడలి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. "మోసేది నువ్వు. నువ్వు ఎట్ట చెప్తే అట్టే."

ఆ వారమంతా ప్రసన్నకుమారి కలలో చెరువు అడుగుకు దిగేది. అక్కడ ముగ్గురూ వీపు తిప్పి పడుకొని ఉండేవాళ్లు. ఎవరిని వదలాలో తెలియక పైకి వచ్చేసేది. చివరికి, ధైర్యం వచ్చి కాదు, ఎంచుకోవడం చేతకాక ముగ్గురినీ ఉంచమంది.

"సరే" అంది డాక్టరమ్మ. "పిలిచినప్పుడల్లా స్కానింగుకు రావాలి. విపరీతమైన తలనొప్పి వచ్చినా, కళ్ల ముందు మెరుపులు కనిపించినా, ఉమ్మనీరు పోయినా క్షణం ఆగొద్దు."

ఏడో నెల నిండింది. ఒక మధ్యాహ్నం ఆమె వాకిట్లో మంచం మీద పడుకొని ఉంది. చెరువు మీద ఎండ వెండి చుక్కలై ఆడుతోంది. ఆ చుక్కలు తేలుకుంటూ ఇంటిదాకా వచ్చాయి.

"అత్తా, చెరువు మీది మెరుపులు నా కళ్లలోకి వచ్చేసినాయి."

రోశమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. "కళ్లు మూసుకుంటే పోతాండాయా?"

"లేదు. చూసేదానికి బాగుండాయి. తలే పగిలిపోతాండాది."

రోశమ్మ చేట పక్కన పెట్టేసింది. "సురేశా, 108కి ఫోన్ చెయ్యరా. డాక్టరమ్మ చెప్పిన మెరుపులు ఇవే."

అంబులెన్సులో చెట్లు తలకిందులుగా ఈదుతూ పోయాయి. ఆసుపత్రిలో ఫిట్స్ రాకుండా ఒక మందు, బిడ్డల ఊపిరితిత్తులకు ఒక ఇంజక్షను ఇచ్చారు. బీపీ దిగితే ఇంకా కొన్నాళ్లు మోయించాలని చూశారు గానీ, దిగలేదు. ఆపరేషన్ చేసి ముగ్గురినీ తీశారు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. ప్రసన్నకుమారికి రక్తం చాలా పోయింది, ఎక్కించారు.

చివర పుట్టిన పాప మధ్యమధ్య ఊపిరి తీయడం మరిచిపోయేది. నర్సు పాదం తట్టి గుర్తుచేసేది. కాస్త కుదుటపడ్డాక సురేశ్‌బాబు చొక్కా విప్పించి, పాపను అతని రొమ్ముకు ఆనించి గుడ్డతో కట్టింది. ఒక్కచోట కూర్చోలేని మనిషి పొద్దువాలేదాకా కదలలేదు.

"దీనికి చేపల వాసన వస్తాదేమో" అన్నాడు మెల్లగా.

"రానీ. ఇల్లు తెలుస్తాది" అంది ప్రసన్నకుమారి.

మొదట ఇద్దరు ఇంటికి వచ్చారు. చిన్నది చాలా ఆలస్యంగా వచ్చింది. దాని కంటి పరీక్షలకు ఇప్పటికీ నెల్లూరు తిరుగుతున్నారు. ముగ్గురూ ఒకేసారి నిద్రపోయిన మొదటి మధ్యాహ్నం రోశమ్మ గడప మీద కూర్చొని, దారిన పోయేవాళ్లను మెల్లగా నడవమని చేత్తో సైగ చేసింది. లోపల ప్రసన్నకుమారి వాళ్ల పక్కన ఒత్తిగిలి, ఏది ఎవరి ఊపిరో పోల్చుకుంటూ నిద్రలోకి జారింది.