పొగమంచులో పేరు

దుబాయ్‌లోని జెబెల్ అలీలో చలికాలం పొద్దున పొగమంచు దిగితే తడిసిన ఇనుము వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, ఇయన్ సార్ గుర్తొస్తారు. మా పైపుల యార్డుకు ఆయన ముదీర్, అంటే మేనేజరు. కరీంనగర్ నుంచి ఏమీ తెలియకుండా వచ్చిన నాకు పనంతా పక్కన నిలబడి నేర్పారు. ఆయనది స్కాట్లాండులో నాలుగు గడపల పల్లె. ఊరి పక్క చేలో ఎప్పుడు, ఎవరు పాతారో తెలియని నిలువు రాళ్లు గుండ్రంగా ఉంటాయట. మా ఊళ్లో బొడ్రాయికి మొక్కుతామని చెబితే, "మావాటికి ఎవరూ మొక్కరు. వాటి దగ్గర మాట్లాడరు, అంతే" అన్నారు.

కరోనా తగ్గిన ఏడాది ఆయనొక నియమం పెట్టారు. మంచులో ఎవరినీ పేరు పెట్టి పిలవకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. గేటు దగ్గర వేలాడే ఇనప ముక్కను కొట్టాలి, లోపలున్నవాళ్లు ఆ చప్పుడు పట్టుకుని రావాలి. అది వాళ్ల ఊరి ఆచారమట. అందరూ చాటుగా నవ్వారు, నేనూ నవ్వాను. రాత్రిపూట మూడు పిలుపులయ్యేదాకా పలకనివ్వని నాయనమ్మ చేతిలో పెరిగినవాణ్ని, నాకెందుకా నవ్వు!

ఆయన సెలవు మీద ఊరెళ్లిన వారంలో మంచు దట్టంగా పట్టింది. పైపుల మధ్యకు వెళ్లిన మా హెల్పర్ లింగన్న ఇంకా బయటికి రాలేదనుకున్నాను. అటువైపే ట్రెయిలర్ వెనక్కి వస్తోంది. భయంతో నియమం మరిచి "లింగన్నా" అని అరిచాను.

"ఇటే ఉన్న సార్, రా" అని వినిపించింది. అతని గొంతే. అటు నడిచాను. "ఇంకొంచెం రా" అంది గొంతు.

వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు. చూస్తే లింగన్న.

"ఎటు వోతున్నవ్ సార్? ముంగట గుంత తవ్విన్రు."

"నువ్వే కదా పిలిచినవ్?"

"నేనెందుకు పిలుస్త? గేటు కాడ చాయ్ తాగుతున్న. నువ్వు అరిస్తె ఉరికొచ్చిన."

ఆ రోజే ఇయన్ సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. "చిన్నప్పుడు మా అన్న ఇలాగే మంచులో అమ్మ గొంతు విని రాళ్ల వైపు వెళ్లాడు. మళ్లీ రాలేదు. అప్పుడు అమ్మ ఇంట్లో నా పక్కనే ఉంది. అసలు నోరే విప్పలేదు" అన్నారు. నవ్వినందుకు సిగ్గుపడ్డాను.

పోయిన ఏడాది ఆయన తన ఊళ్లోనే కన్నుమూశారు. మొన్న మంచులో యార్డు తాళం తీస్తుంటే, పైపుల అవతల నుంచి "రమేశ్, యల్లా, రా" అని పిలుపు వచ్చింది. ఆయన గొంతే. నాకు తండ్రి లాంటి మనిషి. ఒక్కసారి "సార్" అనాలని ప్రాణం కొట్టుకుపోయింది. కళ్లనీళ్లు కారుతుంటే పెదవి కరుచుకుని నిలబడ్డాను. పలకకూడదని నాకు నేర్పింది ఆయనే.