నాటు పాటలు, రెండు స్కానర్లు

సిద్దిపేటల చాచా ప్రెస్సుకు కంప్యూటర్ వచ్చేనాటికి నా డిగ్రీ అయిపోయి ఇంకా ఏడాది కాలేదు. చాచా మాకు చుట్టమేం కాదు. మా గల్లీల ఉండేటోడు, చిన్నప్పటి సంది చాచా అనే పిలుస్తుంటి. సీసం అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చి పెండ్లి కార్డులు, కరపత్రాలు అచ్చేసిన మనిషి. తొంభైల నడుమ హైదరాబాద్ పోయి కంప్యూటర్ తెచ్చిండు. ప్రెస్సుల ఒక మూలకు అద్దాల గది కట్టించి, నన్ను తీస్కపోయి దాని ముంగట కూసోబెట్టిండు.

"బేటీ, తెలుగు టైపు నీది. మిగిలినయన్నీ నేను చూసుకుంట," అన్నడు.

ఆ కంప్యూటర్‌ల ఒక యాంటీవైరస్ ఉండె. పొద్దున స్విచ్చి వెయ్యంగనే ముందుగాల అదే లేస్తుండె. నల్లటి తెర మీద ఫైళ్ల పేర్లు గబగబ ఉరుక్కుంట పోయి, ఆఖరికి వైరస్ ఏదీ లేదని ఇంగ్లీషుల ఒక లైను వస్తుండె. చాచాకు ఇంగ్లీషు రాకున్నా ఆ లైన్‌ను చూపుతోనే గుర్తుపట్టేటోడు. అది కనబడ్డంకనే చాయ్ చెప్పేటోడు. నాకు మాత్రం రోజూ ఒక్కటే అనుమానం. ఇది లేదంటున్నది సరే, ఏం చూసి లేదంటున్నది?

ఆ రోజులల్లనే హుస్నాబాద్ నుంచి ఒక మేడం వస్తుండిరి. బడిల సైన్సు చెప్పేవారు. సెలవులు దొరికితే కోహెడ చుట్టుపక్కల ఊర్లు తిరిగి, నాట్లేసే ఆడోళ్ల పాటలు రాసుకొచ్చేవారు. వాటిని పుస్తకం చెయ్యాల్నని ఆమె పట్టుదల. నేను టైపు చేసి ఫ్లాపీల మీదికి ఎక్కించి ఇస్తే, హైదరాబాద్‌ల పుస్తకం అచ్చేసే కాడికి పట్టుకపోయేవారు.

ఒకనాడు మేడం బస్సు దిగి సీదా మా కాడికే వచ్చిన్రు. సంచి కింద పెట్టకముందే అన్నరు:

"బిడ్డా, నీ ఫ్లాపీల వైరస్ ఉన్నదట. పెట్టంగనే వాళ్ల కంప్యూటర్ ఒకటే మొత్తుకునుడు. ఇది బాగైతేనే తీసుకరమ్మని నా చేతిల పెట్టి పంపిన్రు."

చాచా గదిలకు వచ్చిండు. "మా మిషన్ల వైరస్ ఎక్కడిది మేడం? పొద్దుగాలనే చూసినం. బేటీ, మల్ల ఒకసారి నడిపి చూపెట్టు."

చూపెట్టిన. ఫ్లాపీని కూడ చూపెట్టిన. లేదన్నది.

మేడంకు కోపం రాలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకొని తెరనే చూసుకుంట, "గాడ ఉన్నదన్నది, గీడ లేదంటున్నది. రెండూ ఒక్క ఫ్లాపీనే చూసినయ్ గదా," అనుకుంట సంచిలకెల్లి రెండు ఫ్లాపీలు తీసిన్రు. హైదరాబాద్‌ల అచ్చేసే కాడ కంప్యూటర్ చూసుకునే పిలగాడు ఇచ్చినయట. ఒకటి కంప్యూటర్‌ను లేపేది, ఇంకోటి వేరే కంపెనీ స్కానర్. "మీదాన్ని తీసెయ్యకున్రి, దీంతోని కూడ ఒకసారి చూడున్రి అన్నడు."

చాచాకు నచ్చలేదు. "ఒకటి ఉండంగ ఇంకోటి ఎందుకు? రెండు లోపల పడి ఏం జేస్తయో ఎవరికెరుక?"

"చూస్తేనే గదా భాయ్ తెలిసేది," అన్నరు మేడం.

కొత్త స్కానర్‌ను నడిపిన. అది మొదలైందో లేదో కుయ్యిమన్నది. మెమరీల వైరస్ ఉన్నదని ఒక పేరు చెప్పి, వెంటనే మిషన్ బంద్ చెయ్యమన్నది. చాచా మొఖం తెల్లబడ్డది. బంద్ చేసి మల్ల వేసిన. మా పాతది రోజూ లెక్కనే లేచి ఏం లేదన్నది. కొత్తది మల్ల మెమరీలనే ఉన్నదన్నది, కాని ఈసారి వేరే పేరు చెప్పింది.

"మేడం, ఇందాక ఈ పేరు కాదు గదా?"

"కాదు." ఆమె కండ్లు మెరిసినయ్. "మనం రెండింటినీ కలిపి పరీక్ష చేస్తున్నం బిడ్డా. విడగొట్టి చూద్దాం."

హైదరాబాద్ ఫ్లాపీతోని కంప్యూటర్‌ను లేపినం. అట్ల లేపితే మా పాతది నిద్రల్నే ఉంటది. అప్పుడు కొత్తదాన్ని ఒక్కదాన్నే నడిపిన. మెమరీల ఏం లేదన్నది. కాని డిస్కుల, కంప్యూటర్ అన్నిటికన్నా ముందు చదివే జాగల, ఒక వైరస్ ఉన్నదన్నది. మేడం ఫ్లాపీల కూడ అదే జాగల, అదే పేరు. మల్ల బంద్ చేసి, ఫ్లాపీతోనే లేపి, ఈసారి కావాల్నని పాతదాన్ని ముందు నడిపి, దాని వెనుక కొత్తదాన్ని నడిపిన. మెమరీ గోల మల్ల మొదలైంది. నాకు నవ్వొచ్చింది.

"నవ్వుడేంది బేటీ? ఉన్నదా లేదా చెప్పు!"

"ఉన్నది చాచా. డిస్కుల ఉన్నది. మెమరీలది మాత్రం మనది నడిచినంకనే వస్తున్నది."

ఎందుకు వస్తున్నదో మాకు తెలువదు. ఎదురుంగ ఉన్న ఎస్టీడీ బూత్‌కు పోయి హైదరాబాద్ పిలగానికి ఫోన్ చేసినం. యాంటీవైరస్ తనకు తెలిసిన వైరస్‌ల ముక్కలు పోల్చుకోడానికి దగ్గర పెట్టుకుంటదట. మాది పని అయిపోయినంక ఆ ముక్కలను మెమరీల్నే ఇడిచిపెడుతున్నదట. రెండోది వాటిని చూసి వైరసే అనుకుంటున్నది.

"అంటే మా పోలీసు జేబుల దొంగల ఫోటోలుంటే, మీ పోలీసు అవి చూసి మావాన్నే దొంగ అన్నడా?" అన్న నేను.

ఆ పిలగాడు పక్కున నవ్విండు. "అంతే అక్కా. కాని డిస్కులది నిజమైన వైరస్. మీది కొన్నప్పటి సంది కొత్తగ ఏం నేర్చుకోలే, అందుకే పట్టలేదు. తీసేముందు పాటలన్నీ కాయితం మీదికి తీసుకోన్రి. తీస్తుంటే ఒక్కోపారి డిస్కే తెరుచుకోదు."

ప్రెస్సుకు రాంగనే చాచా పాటలన్నీ కాయితం మీదికి తియ్యమన్నడు. తనే ప్రింటర్ కాడ నిలబడి కాయితం అందుకుంటుండె. తెలుగు చదువుడంటే ఆయనకు పానం. వచ్చిన కాయితమల్లా చదువుకుంట, ఒక పాట కాడ ఆగిండు.

"ఇది మా అమ్మీ పాడుతుండె," అన్నడు. "బెజ్జంకిల. కూలికి పోయినప్పుడు. కాని దీంట్ల ఒక చరణం లేదు."

మేడం పెన్ను తీసిన్రు. చాచా సిగ్గుపడుకుంట, గొంతు సవరించుకొని, ఆ చరణం పాడిండు. నాట్లేసే ఆడామె కొంగు తడిసిందని మబ్బుతోని కొట్లాడే చరణం. నేను వినుకుంటనే టైపు చేసిన. ఆయన పాడుతడని నాకప్పటిదాంక తెల్వదు.

అన్నీ కాయితం మీదికి వచ్చినంక, మల్ల ఫ్లాపీతోని లేపి, వైరస్‌ను తీసెయ్యమని కొత్త స్కానర్‌కు చెప్పిన. ఫ్లాపీ బయటికి తీసి స్విచ్చి వేసిన. తెర నల్లగనే ఉన్నది. చాచా నా కుర్చీ వెనుక చెక్కను గట్టిగ పట్టుకున్నడు. కొంచెం ఆలస్యంగ, కాని లేచింది. పాటలు తెరిస్తే తెరుచుకున్నయ్. మేడం ఫ్లాపీలన్నీ కడిగినట్టు సాఫ్ చేసి ఇచ్చిన. ఈసారి హైదరాబాద్‌ల ఏం మొత్తుకోలేదట. పుస్తకం అచ్చయి వచ్చింది, చాచా పాడిన చరణంతో సహా.

అప్పటి సంది రెండూ ఉంచుకున్నం. పాతదానికి కొత్త వైరస్‌ల గుర్తులుండే ఫ్లాపీ తెప్పించి రోజూ నడిపేది. రెండోదాన్ని వారానికోసారి, విడిగ, ఫ్లాపీతోని లేపి నడిపేది. కొన్ని నెలలకు ఉల్టా అయ్యింది. అచ్చు పనికి వచ్చిన ఒక గిరాకీ తెచ్చిన ఫ్లాపీల వైరస్‌ను మా పాతదే పట్టింది. రెండోది ఏం లేదన్నది.

మేడం వచ్చినప్పుడు ఈ ముచ్చట చెప్పి, "రెండింటికీ ఎరుకలేనిది ఒకటి ఉంటే ఎట్ల మేడం?" అని అడిగిన.

ఆమె కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నరు.

"ఉండే ఉంటది బిడ్డా," అన్నరు. "అదెట్లుంటదో చూడాల్నని ఉన్నది నాకు."