సింహాచలంగారి రెండు దానాలు

మహమ్మారి సద్దుమణిగిన మరుసటి ఏడు, రాజధానిలో, బ్రిక్‌ఫీల్డ్స్‌లోని మా ఆర్కిటెక్టుల ఆఫీసు నన్ను కౌలా సెలంగోర్ దగ్గరి ఒక పామాయిల్ తోటకు పంపింది. తోట బడికి కొత్త భవనం కట్టాలి. పదవీ విరమణకు ముందు నా ఆఖరి పని అది. పిల్లలు తగ్గిపోతున్నారని, ఇలాగే ఉంటే బడి మూసేస్తామని విద్యాశాఖ అప్పటికే హెచ్చరించింది.

ఖర్చంతా సింహాచలంగారిది. ఆ తోట కూలీలైన్లలోనే, అంటే కూలీల వరస ఇళ్లలోనే, పుట్టారు. రాలిన పామాయిల్ గింజలు ఏరి, లారీ కడిగి, లారీ నడిపి, చివరికి లారీలకూ బస్సులకూ యజమాని అయ్యారు. తాను అక్షరాలు దిద్దిన బడి తన కళ్లముందు మూతపడకూడదన్నది ఆయన పట్టు. నా డ్రాయింగుల్లో ఒక్క మార్పే అడిగారు.

"కిటికీలు పెద్దవి ఎట్టండి సార్. నాను సదివినప్పుడు బయటికి సూద్దామంటే కిటికీయే నేదు."

బయట చూడటానికి అప్పుడూ ఇప్పుడూ పామాయిల్ చెట్లే. అయినా పెట్టాను.

మా దేశంలో కట్టడం పూర్తయ్యాక అగ్నిమాపక, నీటి, కరెంటు శాఖలు సరేనంటేనే ఆర్కిటెక్టు నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం మీద సంతకం చేస్తాడు. ఈ భవనంలోకి మనుషులు ప్రవేశించవచ్చని దాని అర్థం. సంతకం చేసి, తాళాలతో సహా తోటకు వెళ్లాను. లైన్లలో రెండు కుక్కలు తప్ప ఎవరూ లేరు.

కూలీలైన్ల కప్పులు కూలుతున్నాయని సింహాచలంగారు ఆ కుటుంబాలన్నిటికీ పట్టణంలో ఇళ్లు కట్టించారు. ఆ పని వేరే ఆఫీసుది, నాకు తెలియదు. బడి సెలవుల్లో అందరూ సామాన్లతో తరలిపోయారు. పిల్లల్ని తన బస్సులు తోటకు తెస్తాయని ఆయన నమ్మకం.

తాళాలు అందుకున్నాక, ఆ మాట ఖాయం చేసుకుందామని నన్నూ కారెక్కించుకుని పట్టణానికి బయల్దేరారు. ఆయనకు వరసకు పిన్ని అయ్యే అప్పలమ్మ కొత్తింటి అరుగు మీద కూర్చుని ఉంది.

"మనవల్ని పొద్దున్నే బస్సెక్కించు పిన్నీ. బస్సు నాదే గదా."

"ఇల్లిచ్చినావు నాయనా, సల్లగుండు. ఎదురుగానే బడి ఉన్నాది. ఇక్కడ కూకునే ఆలని సూసుకుంతన్నాను. మళ్లీ తోటలోకి ఎందుకు?"

"మరి మన బడి ఏటవుద్ది?"

"నువ్వూ అందులో సదివే గదా తోట ఒగ్గేసి పోనావు. ఈలూ అంతే."

తిరుగుదారిలో ఆయన, భవనాన్ని ఊడదీసి పట్టణానికి తేవచ్చా అని అడిగారు. పునాది చాలా గట్టిగా వేశామని చెప్పాను. గర్వపడే సందర్భం కాదని నాకూ తెలుసు.

విద్యాశాఖ మాట నిలబెట్టుకుంది. బడి మూతపడింది. భవనం ఎవరు కట్టిస్తున్నారన్నది తర్వాత, అందులో ఎవరు కూర్చుంటారన్నది ముందు అడగాలని నాకు తెలిసేసరికి ఉద్యోగం అయిపోయింది. ఆ భవనానికి ఇంతవరకూ మరమ్మతు అవసరం రాలేదు. నా ధ్రువపత్రంలోనూ తప్పు లేదు. మనుషులు ప్రవేశించవచ్చని రాశాను, ప్రవేశిస్తారని రాయలేదు.