వర్జ్యం పోయేదాకా

నేను చేవెళ్లకు కాపురానికి వచ్చింది నైజాం రోజుల్లో. పక్కింటి దుకాణం వాళ్ల కోడలిని అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు ఏడేళ్ల కూతురు. ఆ పిల్ల నడక తడబడేది, మాట ముద్దగా వచ్చేది, చేతిలో ఏదీ నిలిచేది కాదు.

మంచాన పడ్డ అత్త ఏది అడిగినా, అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని "నీ మనుమరాలు తెస్తది" అనేది. పిల్ల తెచ్చేలోగా సగం నేలపాలు. అక్క మాత్రం కదిలేది కాదు. కూతురికి పని నేర్పుతోందని నేను మురిసిపోయేదాన్ని.

అసలు సంగతి మంత్రసాని చెప్పింది. కాన్పునాడు తల బయటికి వస్తుంటే, "వర్జ్యంల పుడితె ఇంటికి అరిష్టం, జర ఆపుకో" అంటూ ఆ అత్తే కోడలి మోకాళ్లు రెండూ కలిపి గట్టిగా అదిమి పట్టుకుందట. వర్జ్యం పోయాక వదిలితే పిల్ల నీలంగా వచ్చింది. ఏడవలేదు. ఎంతోసేపు తట్టాక గానీ ఊపిరి తీయలేదు.

ఒకనాడు ముసలామెకు దగ్గు తెర వచ్చి ఊపిరాడలేదు. నీళ్లకోసం చెయ్యి చాపింది. పిల్ల గోడ పట్టుకుని కడవ దాకా పోయి, చెంబు ముంచి, రెండు చేతులతో పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. ముసలామె మొహం కమిలిపోతోంది. నేను ఆగలేక లేవబోతే అక్క నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

తర్వాత అత్త కళ్లలోకి చూస్తూ, ఎంతో మెత్తగా అంది:

"జర ఆపుకో అత్తమ్మా. వర్జ్యం ఇంక పోలె."