ఫకీర్ సాహెబ్ కాలు

పుంగనూరు బస్టాండు దాటి మదనపల్లె వైపు పోయే రోడ్డులో ఫకీర్ సాహెబ్‌కు టైర్ల అంగడి ఉంది. దానికి బోర్డు లేదు. లారీల వాళ్లు ‘కాలు సాయిబు అంగడి’ అంటారు. చక్రం బిగించేటప్పుడు ఆయన స్పానర్‌కు పొడవాటి గొట్టం తొడిగి, చెప్పు విడిచి, బిస్మిల్లా అనుకుని ఆ గొట్టం మీద కాలు పెట్టి ఒంటి బరువంతా దించుతాడు. నట్టు కుయ్యిమని మూలుగుతుంది. ఆ మూలుగు చెవిన పడందే వి.కోట డ్రైవర్లు బండి కదిలించరు. నిన్నమొన్నటిదాకా ఆ కాలంటే ఆయనకు లోపల ఎక్కడో గర్వం ఉండేది.

మదనపల్లె నుంచి ఎడ్విన్ అనే కుర్రవాడు చాలాకాలంగా ఆయన దగ్గరికే వస్తాడు. తల్లి విక్టోరియా నర్సు. ఎడ్విన్ ఒక పాత చిన్న కారుకు బలమైన ఇంజను ఎక్కించి డ్రాగ్ పందేలకు తిప్పుతాడు. బండి నిలబడిన చోటి నుంచి ఒక్క ఊపున దూకాలి, తిన్నటి రోడ్డు మీద కన్ను మూసి తెరిచేలోగా అవతలికి చేరాలి. ఆ దూకుడు బరువంతా చక్రాన్ని పట్టుకునే నాలుగు బోల్టుల మీద పడుతుంది. స్టడ్డులంటారు వాటిని.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక ఎడ్విన్ ముందు చక్రాలు మార్చమని కారు తెచ్చాడు. తన స్పానర్ కూడా తెచ్చి సాహెబ్ చేతికిచ్చాడు.

“బిగువు సరిపోతానే ఇది టక్కుమంటాది మామా. టక్కుమన్నాక ఇంక ముట్టుకోవద్దు. లూజైనా స్టడ్డు తెగతాది, మించి బిగించినా తెగతాది. రేపు శాంతిపురం కాడ పందెం. రాతి కంపెనీ వాళ్లు వాళ్ల రోడ్డు ఇస్తాండారు.”

అలా చెప్పి సామాన్లు కొనడానికి బజారుకు వెళ్లాడు.

సాహెబ్ చెప్పినట్టే చేశాడు. నట్టు నట్టుకీ టక్కు, టక్కు. పంచరు వేయించుకోవడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్న లారీ డ్రైవర్ ఆదెప్ప అది చూస్తున్నాడు.

“ఏం సాయిబూ, పెండ్లికూతురికి గాజులు తొడగతాండావా?”

బెంచీ మీద వాళ్లంతా నవ్వారు.

“టక్కుమంటే సాలంట ఆదెప్పా.”

“అట్లయితే నీ కాలికి పింఛను రాపించుకో.”

మళ్లీ నవ్వారు. సాహెబ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే చెప్పు విడిచి గొట్టం అందుకున్నాడు. కుడి చక్రానికి మూడు నట్లు ఎప్పటిలాగే మూలిగాయి. నాలుగోది మూలిగి, ఉన్నట్టుండి మెత్తబడింది. గొట్టం ఆయన కాలి కింద ఊరికే దిగిపోయింది. నానిన పిండి మీద కాలేసినట్టు అనిపించింది.

ఎడ్విన్ తిరిగి వచ్చి చక్రం వైపు చూశాడు. “టక్కుమనిందా మామా?”

“అనింది,” అన్నాడు సాహెబ్. టక్కుమన్న మాట నిజమే.

సాయంత్రం ఇంట్లో భార్య షాహిదా మనవరాలి లంగాకు ఎలాస్టిక్ మారుస్తోంది. పాతది లాగి చూపించింది. “తెగలేదు సూడు. సాగిపోయింది, అంతే. ఇంక పట్టదు.”

సాహెబ్ ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఆమె అడగకముందే జరిగింది చెప్పేశాడు.

“ఫోను సెయ్యి,” అంది షాహిదా.

చేశాడు. అవతల ఎడ్విన్ హుషారుగా ఉన్నాడు. “నువ్వు బిగించినావు కదా మామా, చక్రాల గురించి నాకు దిగులే లేదు.”

సాహెబ్ “జాగర్త నాయనా,” అని పెట్టేశాడు.

షాహిదా సూది పక్కన పెట్టింది. “దేనికి జాగర్త? దేనికో తెలియకపోతే ఆ పిల్లోడు యాడని జాగర్త పడతాడు?”

ఆయన మళ్లీ ఫోను తీశాడు, మళ్లీ పెట్టేశాడు. ఇంతకాలం తనను మామా అన్న నోటితో ఆ పిల్లవాడు ఏమంటాడో వినే ధైర్యం లేదు.

తెల్లారీ తెల్లారకముందే కుప్పం బస్సెక్కాడు. పక్క సీటాయన కాలు చాపుకోమన్నా, ఆ కుడికాలు సీటు కిందికే ముడుచుకుని కూర్చున్నాడు. శాంతిపురంలో దిగి ఆటోలో పోయేసరికి కార్లు వరసలో ఉన్నాయి. ఎడ్విన్ హెల్మెట్ పెట్టుకుని ఉన్నాడు. సాహెబ్ పోయి కారుకు అడ్డంగా నిలబడ్డాడు.

“ఎడ్వినూ, ఆపప్పా. నేను కాలు పెట్టినాను.”

“టక్కుమనిందంటివే?”

“టక్కుమనింది. ఆ పైన పెట్టినాను.”

చుట్టూ కుర్రవాళ్లు ఉన్నారు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. ఎడ్విన్ ఇంజను ఆపి, కారును వరసలోంచి పక్కకు తోయించి, జాకీ పెట్టి ఆ నాలుగో నట్టు విప్పాడు. స్టడ్డు నడుమ దగ్గర సన్నబడి ఉంది, నలిపిన వత్తిలా. దాన్ని వేలితో తడిమి చూశాడు. మైకులో అతని పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. తర్వాత ఇంకొకరి పేరు పిలిచారు.

సాహెబ్ తిట్టు కోసం తలవంచుకుని ఎదురుచూశాడు.

“ఏమన్నా తిన్నావా మామా?” అన్నాడు ఎడ్విన్.

కారును ఒక చిన్న లారీ మీదికి ఎక్కించుకుని ఇద్దరూ తిరిగి వచ్చారు. అంగడి ముందు సాహెబ్‌ను దింపి, ఎడ్విన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“సోమవారం వస్తా. స్టడ్డులన్నీ కొత్తవి ఎయ్యాల.”

“ఇంకెవురితోనన్నా ఏయించుకో నాయనా.”

“నువ్వే ఎయ్యాల మామా. నేను పక్కనే కూర్చుంటాలే.”

బండి మదనపల్లె వైపు వెళ్లిపోయింది. ఇన్నేళ్లలో ఎడ్విన్ ఏనాడూ పక్కన కూర్చోలేదు. చక్రం అప్పజెప్పి బజారుకు పోయేవాడు. బెంచీ మీద ఎవరో డ్రైవర్ లేచి, “వచ్చినావా సాయిబూ, రా, కాలు పెడుదువు,” అని పిలుస్తున్నాడు. సాహెబ్ చెప్పు విడవకుండా అట్లాగే రోడ్డు మీద నిలబడిపోయాడు.